చేతికి రాని జీతానికి కూడా పన్నా?

పన్నుల ప్రశ్నోత్తరాలు

ప్రశ్న: చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ మేనేజర్‌ని. నెల జీతం 1,20,000. పోయిన సీజన్ సరుకు గోడౌన్‌లో ఉండిపోయిందని 2024 డిసెంబర్ నుంచి 2025 మార్చి దాకా నాలుగు నెలల జీతం మాకు పడలేదు. పేస్లిప్పులు మాత్రం నెలనెలా ఠంచనుగా మెయిల్‌కు వచ్చాయి. జనవరి 20న హెచ్‌ఆర్ వాళ్లు వాట్సాప్ గ్రూపులో ‘స్టాక్ కదలగానే బకాయి అంతా ఇస్తాం, దయచేసి సహకరించండి’ అని పెట్టారు. ఇప్పుడు ఫారం 16 (జీతం, దాన్నుంచి ముందే కోసిన పన్ను అంటే టీడీఎస్ చూపే కాగితం) ఇచ్చారు. అందులో ఎనిమిది నెలల జీతం 9,60,000, టీడీఎస్ 78,344 అని ఉంది. మా అకౌంట్స్ సెక్షన్ అబ్బాయి ‘సార్, మీకు 38 వేలు రీఫండ్, కళ్లు మూసుకుని వేసేయండి’ అంటున్నాడు. మా బావమరిదేమో రాని జీతానికి కూడా పన్ను ఉందంటాడు. చేతికి దుడ్డు రాకనే పన్ను కట్టమంటే యాడ తెచ్చేది సార్? ఇంకో చిన్న సందేహం. మా ఆవిడ గవర్నమెంట్ టీచర్. ఆమె ఐటీ లెక్క మార్చి నుంచి ఫిబ్రవరి దాకా, నాది ఏప్రిల్ నుంచి మార్చి దాకా. ఒకే ఇంట్లో ఈ రెండు లెక్కలేంది?
– ఒక పాఠకుడు, మురకంబట్టు

జవాబు: మీరు చివర్లో చిన్న సందేహం అన్నారు చూడండి, పెద్ద సందేహానికి జవాబు అందులోనే ఉంది. అందుకని మీ ఆవిడ జీతంతోనే మొదలుపెడతాను.

ప్రభుత్వ టీచర్ మార్చి నెలంతా పాఠం చెప్పినా ఆ నెల జీతం ఇవ్వాల్సిన రోజు ఏప్రిల్ ఒకటి. ఆ ఒక్క రోజు తేడాతో మార్చి జీతం కొత్త ఆర్థిక సంవత్సరంలోకి దాటిపోతుంది. అదే లెక్కన అంతకు ముందటి ఏడాది మార్చి జీతం ఈ ఏడాదిలోకి వస్తుంది. అందుకే స్టాఫ్ రూముల్లో ఫిబ్రవరి రాగానే ఐటీ ఫారాల హడావుడి. పనిచేసిన నెల ఏదని పన్ను చట్టం అడగలేదు. డబ్బు ఏ తేదీన బ్యాంకులో పడిందనీ అడగలేదు. ఇవ్వాల్సిన రోజు ఏదని అడిగింది.

1961 ఆదాయపు పన్ను చట్టం 15వ సెక్షన్ చెప్పేది ఇదే. యజమాని నుంచి ఆ ఏడాదిలో మీకు రావాల్సిన జీతం, చెల్లించినా చెల్లించకపోయినా, ఆ ఏడాది ఆదాయమే. గడువు రాకముందే అడ్వాన్సుగా తీసుకున్న జీతమైతే తీసుకున్న ఏడాది ఆదాయం. పాత ఏళ్లలో పన్ను పడని అరియర్స్ అయితే చేతికొచ్చిన ఏడాది ఆదాయం. క్లుప్తంగా, రావాల్సిన రోజు, వచ్చిన రోజు, ఈ రెంటిలో ఏది ముందైతే అది. మీ బావమరిది చెప్పింది నిజమే. ఆయనకు ఈ ముక్క చూపించకండి, పండక్కి వచ్చినప్పుడల్లా గుర్తు చేస్తాడు.

ఇప్పుడు మీ అపాయింట్‌మెంట్ లెటర్ బయటికి తీయండి. బీరువాలో పెళ్లి ఫొటోల కింద ఎక్కడో ఉంటుంది. జీతం గురించి రాసిన పేరాలో ‘ప్రతి నెల చివరి పని దినాన చెల్లించబడును’ అనో, ‘మరుసటి నెల 7వ తేదీలోగా’ అనో ఒక వాక్యం ఉంటుంది. మొదటి రకమైతే డిసెంబర్ నుంచి మార్చి దాకా నాలుగు జీతాలూ మార్చి 31లోపే మీకు రావాల్సినవి. నాలుగూ 2024–25 ఆదాయమే. రెండో రకమైతే మార్చి జీతం ఏప్రిల్‌లో రావాల్సింది, కాబట్టి మీరు కూడా మీ ఆవిడ లెక్కలోకి వస్తారు. కానీ అప్పుడు 2024 మార్చి జీతం ఏ ఏడాది ఫారం 16లో చూపించారో చూసుకోవాలి. అది 2023–24లో పన్ను పడిపోయి ఉంటే మళ్లీ ఇక్కడ కలపకూడదు. ఒకే జీతానికి రెండుసార్లు పన్ను లేదని అదే 15వ సెక్షన్ కింద వివరణలో రాసి ఉంది. మీ ఉత్తరంలో లెటర్ సంగతి లేదు కాబట్టి నేను మొదటి రకం అనుకునే లెక్క వేస్తాను.

మరి హెచ్‌ఆర్ వాట్సాప్ మెసేజ్? అది ఆలస్యం అవుతుందని చెప్పడమే. చెల్లించాల్సిన తేదీని మార్చినట్టు కాదు. పైగా జనవరి 20 నాటికి డిసెంబర్ జీతం గడువు దాటిపోయింది. గడువు దాటాక దాన్ని వెనక్కి జరిపే మంత్రం ఎవరి దగ్గరా లేదు. నవంబర్‌లోనే ‘ఇక నుంచి జీతంలో ఇంత భాగం సరుకు అమ్మాక ఆగస్టులో చెల్లించబడును’ అని రాతపూర్వకంగా షరతు మార్చి, మీరు దానికి ఒప్పుకుని సంతకం పెట్టి ఉంటే, ఆ భాగం ఆగస్టు దాకా మీకు రావాల్సినదే కాదు. అప్పుడు నా జవాబు వేరేగా ఉండేది. మీకు అలాంటి కాగితం ఏదీ ఇవ్వలేదు. నెలనెలా పూర్తి జీతానికి పేస్లిప్ పంపి, ఇది మీకు రావాల్సిందేనని కంపెనీయే ఒప్పుకుంది.

ఇక మీ అకౌంట్స్ అబ్బాయి చూపిస్తున్న రీఫండ్ సంగతి. కొత్త పన్ను విధానంలో ఉన్నారనుకుని లెక్క వేశాను.

ఆ అబ్బాయి లెక్క ఇలా ఉంటుంది. వచ్చిన జీతం 9,60,000. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీస్తే 8,85,000. దీనిపై పన్ను, సెస్ కలిపి 40,040. కోసింది 78,344. కాబట్టి 38,304 వెనక్కి. కూడికలు, తీసివేతలు తప్పులేకుండా చేశాడు.

చట్టం లెక్క ఇది. రావాల్సిన జీతం పన్నెండు నెలలకు 14,40,000. డిడక్షన్ పోను 13,65,000. పన్ను 1,13,000, సెస్ 4,520, మొత్తం 1,17,520. కోసింది పోను మీరు ఇంకా కట్టాల్సింది 39,176.

ఒకాయన 38 వేలు వస్తుందంటాడు, ఇంకొకాయన 39 వేలు కట్టమంటాడు. మధ్యలో తేడా 77,480. నాలుగు నెలలు జీతం లేకుండా ఇల్లు నడిపిన మనిషికి ఏ లెక్క తీపిగా ఉంటుందో నాకు తెలుసు. కానీ ఆ తర్వాతి ఏడాది కూడా ఒకసారి చూడండి. 2025–26లో మీ మామూలు జీతంతో పాటు ఆ బకాయి 4,80,000 కూడా వచ్చిందనుకుందాం. చేతికొచ్చిన లెక్కన పోతే మొత్తం 19,20,000. 2025 బడ్జెట్‌లో మార్చిన శ్లాబుల ప్రకారం పన్ను 1,75,760. బకాయి కలపకపోతే ఆ ఏడాది పన్ను 88,140 మాత్రమే. రెండేళ్లూ కూడండి. చేతికొచ్చిన లెక్కన 40,040, 1,75,760 కలిపి 2,15,800. రావాల్సిన లెక్కన 1,17,520, 88,140 కలిపి 2,05,660. అంటే ఆ తీపి రీఫండ్ వెంట 10,140 రూపాయల అదనపు పన్ను కూడా వస్తుంది. అరియర్స్ ఒక్కసారిగా వచ్చి పన్ను పెరిగినప్పుడు 89వ సెక్షన్ కింద రిలీఫ్ అడగొచ్చు. రిటర్న్ వేసేలోపే పోర్టల్‌లో ఫారం 10ఇ దాఖలు చేస్తే సరిగ్గా ఈ 10,140 తగ్గుతుంది. టీచర్లకు పీఆర్సీ, డీఏ బకాయిలు వచ్చినప్పుడల్లా మా ఆఫీసు మెట్ల మీద క్యూ కట్టేది ఈ ఫారం కోసమే. తగ్గించాక మొత్తం మళ్లీ 2,05,660.

అంటే 38 వేల రీఫండ్‌తో మిగిలేదేమీ లేదు, ముందు తీసుకుని తర్వాత కట్టడమే. మరి ఎందుకు వద్దంటున్నానంటే, పేస్లిప్పులు మీ మెయిల్‌లోనే ఉన్నాయి, కంపెనీ ఆ నాలుగు నెలల జీతాన్ని ఖర్చుగా రాసుకుని ఉంటుంది. ఎప్పుడైనా ఆ పుస్తకాలు పరిశీలనకు వెళ్లి, మీ ఆదాయాన్ని 2024–25లో తక్కువ చూపారని తేల్చితే, ఆ పన్నులో సగం దాకా పెనాల్టీకి 270ఏ సెక్షన్ ఉంది. మీ విషయంలో అది 38,740. నిజం చెప్పాలంటే చాలామంది ఫారం 16లో ఉన్నదే వేసి ఊరుకుంటారు, పోర్టల్ కూడా ఏమీ అనదు, ఏఐఎస్‌లోనూ (పన్ను శాఖ దగ్గరుండే మీ ఏడాది ఆదాయ వివరాల పట్టిక) అదే అంకె ఉంటుంది కాబట్టి. పోర్టల్ ఊరుకుంది కదా అని చట్టం మారిపోదు.

ఫారం 16లో తక్కువ ఎందుకు వేశారని మీకు అనుమానం రావచ్చు. వాళ్లు తప్పు చేయలేదు. జీతంపై టీడీఎస్ కోసే బాధ్యత 192వ సెక్షన్ ప్రకారం చెల్లించేటప్పుడే. చెల్లించలేదు, కోయలేదు. మీకు పన్ను, జీతం రావాల్సిన రోజున పడుతుంది. టీడీఎస్ ఇచ్చిన రోజున కోస్తారు. కంపెనీకి ఖర్చు పుస్తకంలో రాసుకున్న రోజున దక్కుతుంది. ఒకే జీతానికి ఇన్ని తేదీలు. సకాలంలో ఇచ్చినంత కాలం అన్నీ ఒకే నెలలో పడతాయి కాబట్టి మనకు తెలియదు. జీతం ఆగిన నెల నుంచే ఈ తేడాలు బయటపడతాయి.

ఈ తేదీల తేడా నాకు పుస్తకంలో చదివి తెలిసింది కాదు. ఈ ప్రాక్టీసులోకి రాకముందు రేణిగుంట రోడ్డులో ఒక చిన్న ఫ్యాక్టరీలో అకౌంటెంట్‌గా చేశాను. ఐదు నెలలు జీతాలు ఆగాయి. మార్చి 31న రాత్రి పది గంటలకు ఆ ఏడాది పుస్తకాలు ముగిస్తూ జర్నల్ ఎంట్రీ రాశాను. శాలరీస్ ఖాతా డెబిట్, శాలరీ పేయబుల్ ఖాతా క్రెడిట్. కింద పేర్ల జాబితా. నాలుగో వరసలో నా పేరు, దానికెదురుగా ఐదు నెలల మొత్తం. నా చేతి రాతే, నా పెన్నే. ఆ ఎంట్రీతో కంపెనీ లాభం ఆ మేరకు తగ్గింది. నా ఆదాయం ఆ మేరకు పెరిగింది. నా జేబులో మాత్రం ఇంటికి పోయే బస్సు చార్జీ ఉంది. రెండు నెలల జీతం ఏడాదిన్నర తర్వాత వచ్చింది. మిగతా మూడు నెలలది ఇప్పటికీ రాలేదు.

మీకు అలా జరిగితే? ఇక్కడ చట్టం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. వ్యాపారికి బాకీ మునిగితే పుస్తకాల్లో కొట్టేసి ఆదాయంలోంచి తగ్గించుకుంటాడు. జీతగాడికి ఆ వీలు లేదు. జీతం ఆదాయంలోంచి తగ్గించుకునే జాబితాలో ‘రాని జీతం’ అనే పద్దు లేదు. కట్టిన పన్ను కట్టినట్టే. కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లి ఆస్తులు అమ్మేదాకా వస్తే, పంచే వరసలో కార్మికుల 24 నెలల బకాయి పైన ఉంటుంది, మేనేజర్ స్థాయి ఉద్యోగుల 12 నెలల బకాయి దాని కింద ఉంటుంది. అంతదాకా రావద్దనే కోరుకుందాం. 2025 సీజన్లో తోతాపురి మామిడికి కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అని తేల్చేదాకా ట్రాక్టర్లు గేట్ల ముందు బారులు తీరిన సంగతి మీకే బాగా తెలుసు. పాత గుజ్జు డ్రమ్ములు కదలందే కొత్త కాయ కొనేవాడు లేడు, మీ జీతం కూడా ఆ డ్రమ్ముల వెనకే ఉంది.

చేయాల్సింది చెబుతాను. రిటర్న్‌లో 14,40,000 చూపించి 39,176 కట్టండి. దానికి వడ్డీ కూడా పడుతుంది. కోసింది పోను పన్ను 10,000 గానీ అంతకు మించి గానీ ఉంటే ఏడాది ముగిసేలోపే అడ్వాన్స్ ట్యాక్స్ కట్టాల్సింది, మీరు కట్టలేదు. 2025 జూలై నెలాఖరులోగా కడితే వడ్డీ అంతా కలిపి సుమారు మూడున్నర వేలు. 2024–25 రిటర్న్ గడువు 2025 సెప్టెంబర్ 15 దాకా పొడిగించారు కదా అని ఆగొద్దు. పొడిగించింది రిటర్న్‌కే. అడ్వాన్స్ ట్యాక్స్ కట్టనందుకు పడే 234బి వడ్డీ నెలకు ఒక శాతం చొప్పున పడుతూనే ఉంటుంది. డబ్బు సర్దుబాటు అయితే ముందు చలానా కట్టేయండి, రిటర్న్ తర్వాత నిదానంగా వేసుకోవచ్చు.

అపాయింట్‌మెంట్ లెటర్, పన్నెండు పేస్లిప్పులు, ఏప్రిల్ నుంచి మార్చి దాకా బ్యాంక్ స్టేట్‌మెంట్, ఆ వాట్సాప్ మెసేజ్ స్క్రీన్‌షాట్ ఒక ఫైల్లో పెట్టుకోండి. బకాయి వచ్చేటప్పుడు కంపెనీకి ఒక లెటర్ ఇవ్వండి. ‘ఈ 4,80,000 నేను 2024–25 రిటర్న్‌లో చూపి పన్ను కట్టాను, దీన్ని ఈ ఏడాది జీతంలో కలపవద్దు’ అని రాసి, రిటర్న్ అక్నాలెడ్జ్‌మెంట్ జతచేయండి. అర్థం చేసుకునే అకౌంటెంట్ అయితే అక్కడితో సరి. వినకుండా దానిపై కూడా టీడీఎస్ కోశాడనుకోండి, ఆదాయం ఒక ఏడాదిలో, టీడీఎస్ ఇంకో ఏడాదిలో ఇరుక్కుంటుంది. ఇదివరకు దీనికి దారి లేక జనం అల్లాడేవాళ్లు. 2023 అక్టోబర్ 1 నుంచి ఫారం 71 అని ఒకటి తెచ్చారు. ముందే ఆదాయం చూపి పన్ను కట్టిన ఏడాదికి, తర్వాత కోసిన టీడీఎస్‌ను తీసుకెళ్లి కలపమని అడిగే ఫారం ఇది. కోసిన ఆర్థిక సంవత్సరం ముగిసిన నాటి నుంచి రెండేళ్లు గడువు. 2025 ఆగస్టులో కోస్తే 2028 మార్చి 31 దాకా టైమ్ ఉందన్నమాట. దీని సంగతి చాలామంది ప్రాక్టీషనర్లకే తెలియదు, మీ అకౌంట్స్ అబ్బాయికి తెలియలేదని కోప్పడకండి.

ప్రశ్న: తిరుపతిలో మాది యాత్రికులకు కార్లు, బస్సులు తిప్పే చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. డైరెక్టర్‌గా నాకు నెలకు 2 లక్షలు రెమ్యునరేషన్ అని బోర్డు తీర్మానం ఉంది. 2024–25లో నేను డ్రా చేసింది 6 లక్షలే. మార్చి 31న ఆడిటర్ గారు 24 లక్షలూ ఖర్చు రాసి, మిగతా 18 లక్షలు నా ఖాతాలో జమ వేశారు. ఆ 18 లక్షలు వదులుకుంటున్నానని ఇప్పుడు లెటర్ రాసిస్తే నాకు పన్ను తప్పుతుందా? ఇంకోటి, డ్రైవర్ల బోనస్ ఎప్పటిలోగా ఇవ్వాలి?
– ఒక పాఠకుడు, బైరాగిపట్టెడ

జవాబు: తప్పదు. పైన మురకంబట్టు పాఠకుడికి చెప్పిందంతా మీకూ వర్తిస్తుంది. కాకపోతే ఆయనకు ఇవ్వనిది కంపెనీ, మీకు ఇవ్వనిది మీరే. అందుకని ఆయన మీద ఉన్న జాలి మీ మీద లేదు, ఏమీ అనుకోకండి.

బోర్డు తీర్మానం ప్రకారం ఏ నెల రెండు లక్షలు ఆ నెలకే మీకు రావాల్సినవి అయిపోయాయి. ఒకసారి మీదైన డబ్బును తర్వాత వదులుకుంటే, మీ ఆదాయాన్ని మీరు కంపెనీకి దానం చేసినట్టు లెక్క. దానం చేశారు కదా అని మీకు పన్ను పోదు. పైగా కంపెనీ ఆ 18 లక్షలను ఖర్చుగా రాసుకుంది కదా, ఇప్పుడు మీరు వదిలేస్తే ఆ బాకీ తీరిపోయిందని 41వ సెక్షన్ కింద కంపెనీకి ఆదాయంగా పడుతుంది. ఒకే డబ్బుకు మీ చేతిలో ఒకసారి, కంపెనీ చేతిలో ఒకసారి. ఆ లెటర్ రాయకండి, రాసి ఉంటే చించేయండి.

వదులుకోవాలంటే ముందే వదులుకోవాలి. బండ్లు సరిగా తిరగట్లేదు, ఈ ఏడాది అంత రెమ్యునరేషన్ వద్దు అనుకుంటే రాబోయే నెలల నుంచి తగ్గిస్తూ ఇప్పుడే బోర్డు తీర్మానం చేయండి. మీదే ఇంకా కాని డబ్బును వద్దంటే పన్ను లేదు. తీర్మానం మీద పాత తేదీ వేయొద్దు. అది చాలామంది చేసే పనే. ఒక కేసులో తీర్మానం రాసిన లెటర్‌హెడ్ మీద, తీర్మానం తేదీ నాటికి ఇంకా తీసుకోని కొత్త ఆఫీసు అడ్రస్ ఉండటం నేను చూశాను.

టీడీఎస్ మాట మీరు అడగలేదు, నేనే చెబుతాను. ఆ 18 లక్షలు మీరు ఎప్పుడంటే అప్పుడు వాడుకునే ఖాతాలో జమపడి, అందులోంచి మీ ఇంటి ఖర్చులకు తీస్తూ ఉంటే, ‘ఇంకా చెల్లించలేదు, అందుకే టీడీఎస్ కోయలేదు’ అని వాదించి నెగ్గడం కష్టం. తీసుకున్నప్పుడల్లా కోసి, మరుసటి నెల 7లోగా కట్టించండి. మార్చిలో కోసింది మాత్రం ఏప్రిల్ 30లోగా.

బోనస్ దగ్గర ఒక గుంట ఉంది, చాలా కంపెనీలు అందులో పడతాయి. బోనస్ చట్టం ప్రకారం ఏడాది ముగిసిన ఎనిమిది నెలల్లో, అంటే నవంబర్ 30లోగా ఇస్తే చాలు. పన్ను చట్టం అంత ఆగదు. 43బి సెక్షన్ ప్రకారం రిటర్న్ గడువులోగా ఇచ్చిన బోనస్‌కే ఆ ఏడాది ఖర్చు దక్కుతుంది. కంపెనీకి ఆ గడువు మామూలుగా అక్టోబర్ 31. 2025లో దీపావళి అక్టోబర్ 20న. పండగకు ఇస్తే అన్ని విధాలా సరి. సీజన్ బిజీలో కుదరక నవంబర్ 5 కార్తీక పౌర్ణమికి ఇచ్చారనుకోండి, డ్రైవర్ల దృష్టిలో, బోనస్ చట్టం దృష్టిలో మీరు మంచి యజమానే, కానీ రిటర్న్ గడువు పొడిగించకపోతే 2024–25లో ఆ ఖర్చు కొట్టేస్తారు. ఇచ్చిన ఏడాదికి పోతుంది, డబ్బు మునగదు, అయినా 2024–25 పన్ను పెరుగుతుంది.

పీఎఫ్ అంతకంటే కఠినం. డ్రైవర్ జీతంలోంచి కోసిన వాటా మరుసటి నెల 15లోగా కట్టాలి. 2024–25 లెక్కలో ఒక్క రోజు దాటినా ఆ మొత్తం కంపెనీ ఆదాయం అయిపోతుంది, తర్వాత కట్టినా ఎప్పటికీ ఖర్చు దక్కదు. 2022 అక్టోబర్ 12న సుప్రీంకోర్టు ఈ మాట తేల్చేసింది. కంపెనీ తన వంతుగా కట్టే వాటాకు మాత్రం రిటర్న్ గడువు దాకా వెసులుబాటు ఉంది. జీతాలు ఇవ్వలేకపోయిన నెలల్లో కూడా ముందు పీఎఫ్ సంగతి చూడమని నా దగ్గరికి వచ్చే వాళ్లందరికీ చెబుతాను. పీఎఫ్ లెక్క ఇవ్వాల్సిన జీతం మీద, ఇచ్చిన జీతం మీద కాదు.

ప్రశ్న: గాంధీ రోడ్డులో మా అన్నదమ్ములం ముగ్గురం పార్ట్‌నర్లుగా చీరల షాపు నడుపుతున్నాం. పార్ట్‌నర్‌షిప్ డీడ్ ప్రకారం మాకు జీతం ఉంది. మార్చి ఆఖర్లో ఒకేసారి మా క్యాపిటల్ ఖాతాల్లో జమ వేసుకుంటాం. ఇదివరకు టీడీఎస్ అనే మాటే లేదు. ఇప్పుడు కోయాలంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, కొర్లగుంట

జవాబు: నిజమే. పేరుకు జీతం గానీ, పార్ట్‌నర్ తీసుకునేది చట్టం దృష్టిలో జీతం కాదు, వ్యాపార ఆదాయం. అందుకే మీకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కూడా లేదు. 2025 ఏప్రిల్ 1 నుంచి 194టి అని కొత్త సెక్షన్ వచ్చింది. ఒక పార్ట్‌నర్‌కు ఏడాదిలో జీతం, బోనస్, కమిషన్, వడ్డీ అన్నీ కలిపి 20,000 దాటితే 10 శాతం కోయాలి. ఇక్కడ చెల్లించేదాకా ఆగే వీలు లేదు. ఖాతాలో జమ వేసిన రోజు, డబ్బు ఇచ్చిన రోజు, ఏది ముందైతే ఆ రోజే కోయాలి. క్యాపిటల్ ఖాతాలో వేసినా వేసినట్టే. మీరు మార్చి 31న ఎంట్రీ వేసే అలవాటు మానుకోనక్కర్లేదు, కానీ ఏడాది మధ్యలో ఇంటి ఖర్చులకని జీతం కింద తీస్తుంటే అప్పుడే కోయాలి. షాపు తరఫున టీడీఎస్ కట్టడానికి కావాల్సిన టాన్ నంబర్ ఉందో లేదో ముందు చూసుకోండి. ఇన్నాళ్లూ టీడీఎస్ కోసే పని పడలేదంటే బహుశా తీసుకుని ఉండరు.